ఈశాన్యంలో ఉభయచరం

మొన్న శుక్రవారం, మేముండే ఈ అరబ్బు దేశంలోనే ఫహాహీల్‌లో, కొత్తగా పరిచయమైన వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. చెప్పులు విప్పి హాల్లోకి అడుగు పెట్టగానే నా చూపు ఒక మూలకి పోయింది. స్టూలు మీద గుండ్రటి గాజు తొట్టి, దాన్నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో బిస్కెట్టంత తాబేలు పిల్ల. తొట్టి అంచుకి పసుపు బొట్లు. పక్కనున్న కిటికీ అద్దానికి లోపల్నించి నల్ల కాగితం అంటించి ఉంది. బయట ఎండ దంచుతోంది, లోపల తాబేలు చీకట్లో తేలుతోంది.

"ఈశాన్యంలో పెట్టామండి," అంది ఆ ఇంటావిడ మురిపెంగా. గోదావరి యాస. "ఎంత నెమ్మదో చూడండి. పొద్దస్తమానం నిద్రేనండి బాబూ, అచ్చం మా ఆయన్లాగే."

అందరూ నవ్వారు. ఆవిడ కూతురు, రెండో క్లాసో మూడో క్లాసో చదువుతుందేమో, నవ్వలేదు. తొట్టిని అంటిపెట్టుకుని నిలబడి, "ఆంటీ, నిన్న కూడా ఏం తినలేదు," అంది నాతో మెల్లగా.

వంగి చూశాను. అది నిద్ర కాదు. రెప్పలు నానబెట్టిన బఠాణీల్లా ఉబ్బి మూసుకుపోయాయి. వేలితో డిప్ప అంచు నొక్కితే లొంగింది. గట్టిగా ఉండాల్సింది మెత్తగా లొంగింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఆ ఇంటావిడ మీద కాదు. అది చాలా పాత మంట, సాల్మియాలో ఇప్పుడు లేని మా చిన్ననాటి ఇంట్లో అంటుకున్నది.

సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉండేది ఆ బిల్డింగు. దాన్ని పడగొట్టి అద్దాల షాపులు కట్టారు, ఇప్పుడు ఆ వీధిలో కారాపితే ఏ వైపు మా మెట్లుండేవో కూడా తెలియదు. మెట్ల మీద ఒక అంతస్తులో అరబ్బుల బుఖూర్ ధూపం పొగ, ఒక అంతస్తులో మలయాళీల కొబ్బరినూనె, పైకి వస్తే మా అమ్మ పెట్టే జుబైదీ చేపల పులుసు వాసన. కళ్ళకి గంతలు కట్టినా ఇంటికి చేరగలిగేదాన్ని. శుక్రవారాలు ఆ పులుసులో ఖుబ్జ్ ముంచుకు తినేవాళ్ళం. అన్నం ఉండగా రొట్టె ఎందుకే అని అమ్మ తిట్టేది, తనే ముందు తుంపుకునేది.

భోజనాలయ్యాక మా హాలు సభ అయ్యేది. నాన్న కాలేజీ రోజుల్లో కోనసీమ ఊళ్ళ చర్చా వేదికల మీద పెరిగినవాడు. జాతకాలు, శకునాలు, అంటు, మడి, దేన్నీ వదలకుండా ఉతికేవాడట. అల్ రాయ్‌లో ఒక కార్ల షోరూమ్ వెనక స్పేర్ పార్టుల గిడ్డంగిలో వారమంతా పనిచేసి, ఆ ఉతుకుడు శుక్రవారానికి దాచుకునేవాడు. ఎనిమిది పది మంది చాప మీద కూర్చునేవాళ్ళు. నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు, ఏసీ చల్లదనానికి వచ్చినవాళ్ళు.

ఆ సభకి నాన్న పెట్టిన నియమం ఒకటే. ఎవరి మాట తప్పని తేలితే వాళ్ళు లేచి నిలబడి, అందరికీ వినబడేలా "నేను పొరబడ్డాను" అనాలి. అది అవమానం కాదు, మనిషికి దక్కే గౌరవం అనేవాడు. నాకూ మినహాయింపు లేదు. ఫ్రిజ్జు తలుపు మూస్తే లోపల లైటు వెలుగుతూనే ఉంటుందని వాదించి ఓడిపోయి, గౌను సర్దుకుని లేచి నిలబడి ఆ మాట అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నిజంగానే గౌరవంగా అనిపించింది. నాన్నని నేను నమ్మింది ఆ నియమం వల్లే.

నాన్నకి ఎదురు కూర్చునేవాడు దిక్సూచి మావయ్య. అమ్మకి పెదనాన్న కొడుకు. కరెంటు పని చేసేవాడు. జేబులో టెస్టరుతో పాటు చిన్న దిక్సూచి ఉండేది. ఎవరింటికెళ్ళినా ముందు అది తీసి, గుమ్మం ఎటుంది, పొయ్యి ఎటుంది, మంచం తల ఎటుంది అని చూసేవాడు.

"అద్దె ఫ్లాటుకి వాస్తేంటి బావా? కట్టినవాడికి లేని బాధ నీకెందుకు?" అనేవాడు నాన్న.

"అద్దె ఇంటికే బావగారూ ఎక్కువ చూసుకోవాలి. సొంతిల్లయితే గోడ కొట్టుకోవచ్చు. ఇక్కడ మంచం జరుపుకోవడం తప్ప ఏం చేయగలం?"

ఆ ఇంటికి తాబేలు వచ్చింది ఒక చలికాలం మొదట్లో. తెచ్చింది కడప పిన్ని. బంధువు కాదు, అమ్మకి ఆసుపత్రి క్యూలో పరిచయమైన మనిషి. ఒక అరబ్బుల ఇంట్లో పనికుండేది, ఆ ఇంటి యజమానురాల్ని 'మామా' అనేది, శుక్రవారం సెలవిస్తే మా ఇంటికొచ్చేది. ఆ రోజు చేతిలో మూత తీసిన పెరుగు డబ్బా పట్టుకుని వచ్చింది.

"ఏందో చూడుక్కా. మామా పిల్లోళ్ళు కొనుక్కోని, నాలుగు దినాలు ఆడుకోని ఇడ్సిపెట్నారు. ఖలాస్, పారెయ్ అనింది మామా. పాణముండేదాన్ని యాడ పారేసేదిక్కా?"

డబ్బాలో తాబేలు పిల్ల. చెవుల చోట ఎర్రటి గీత, ఒళ్ళంతా ఆకుపచ్చ చారలు. నేను చెయ్యి పెడితే గోళ్ళతో గీరింది. అంత చిన్న ప్రాణి నన్ను భయపెట్టాలని చూడటం నాకు తెగ నచ్చింది. నాదే అన్నాను. ఎవరూ కాదనలేదు.

ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఆ రోజు సభ మొదలైంది. మావయ్య దిక్సూచి తీశాడు. "ఉత్తరం. నీళ్ళలో, ఉత్తరం మూల. ఇత్తడి తాబేలునే అలా పెడతారు. ఇది ప్రాణమున్నది, సాక్షాత్తూ కూర్మం."

నాన్న పగలబడి నవ్వాడు. "బావా, అది దేవుడూ కాదు, ఇత్తడీ కాదు. జంతువు. జంతువుకి శాస్త్రం ఉంది. నీళ్ళలోనూ ఉంటుంది, నేల మీదా ఉంటుంది. దాన్నేమంటారు?" అని నా వైపు తిరిగాడు.

నాకు తెలియదు.

"ఉభయచరం! ఉభయ అంటే రెండు. చరం అంటే తిరిగేది. కప్ప లాంటిదన్నమాట. ఉభయచరాల చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండ తగిలిందా, ఎండిపోయి చస్తుంది. కాబట్టి నీళ్ళలో ఉంచాలి, ఎండ రాని చోట ఉంచాలి."

మావయ్య రెండు చేతులూ ఎత్తాడు. "నేనన్నదీ అదే కదండీ! నీళ్ళలో ఉంచమన్నాను. ఉత్తరం మూల ఎండ రాదు."

"నువ్వు చెప్పిన కారణం తప్పు."

"కారణం ఏదైతేనేం బావగారూ, మూల ఒకటేగా!"

సభంతా ఘొల్లుమంది. ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి శుక్రవారం అదే. కడప పిన్ని మాత్రం, "నీళ్ళల్లో ఏస్తే అదే బతుకుతాదిలే, చేపే గదా," అని టీ గ్లాసులు ఎత్తుకుంది.

ఈ రోజు తలుచుకుంటే నాకు నవ్వు రాదు. తెలుగులో పుట్టి తెలుగులో సైన్సు చదివినవాడికి ఆ మాట ఎంత సుఖంగా ఉంటుందో చూడండి. ఉభయ, చరం. విడగొడితే అర్థం వచ్చేస్తుంది. తాబేలు రెండుచోట్లా తిరుగుతుంది కాబట్టి అది ఉభయచరం. ఉభయచరం కాబట్టి కప్ప. కప్ప కాబట్టి తడి. గొలుసు ఎంత అందంగా ఉందో! ఆ గొలుసు పట్టుకుని నడుస్తున్నంతసేపూ కళ్ళు తెరిచి తాబేలు వైపు చూడాల్సిన పనే లేదు. మావయ్య వాస్తు పుస్తకంలో ఉన్నది నమ్మాడు. నాన్న మాటలో ఉన్నది నమ్మాడు. నాకు ఆ రెండింటికీ తేడా ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు.

ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, ఉత్తరం మూల, బీరువా పక్కన పెట్టారు. నా పని నీళ్ళు మార్చడం, తిండి పెట్టడం. అన్నం మెతుకులు వేస్తే తినేది కాదు. అమ్మ డబ్బాలో ఎండు రొయ్యలు దొంగిలించి వేశాను. చటుక్కున పట్టుకుంది. పట్టుకున్న రొయ్యని ముందు కాళ్ళతో చీల్చేది, తోక మిగిల్చేది. అమ్మ పచ్చడి చేసుకుందామని డబ్బా తీస్తే సగం ఖాళీ. "ఈ ఇంట్లో పిల్లి కూడా లేదు కదా," అని నా వంక చూసింది. నా వేళ్ళు వాసన వస్తున్నాయి.

రోజూ చూస్తుంటే ఒకటి తెలిసింది. అది ఊరికే ఈదటం లేదు. టబ్బు గోడని గీరుతోంది. ఒక చోట కాదు, కిటికీ వైపే. ఒకరోజు నీళ్ళలో స్టీలు గిన్నె బోర్లించి చూశాను. వెంటనే ఎక్కింది. ఎక్కి, మెడ పూర్తిగా బయటికి సాచి, వెనక కాళ్ళు చాపి, వేళ్ళు విడదీసి, కళ్ళు మూసుకుని ఉండిపోయింది. మా ఊళ్ళో తాతయ్య చలికాలం పొద్దున్నే అరుగు మీద ఎండ కాచుకున్నట్టుంది, ఎండ ఒక్కటే లేదు. టబ్బు కిటికీ కిందికి ఈడ్చాను. అద్దంలోంచి పడ్డ ఎండలోకి గిన్నె చేరింది. అది ఇంకా చాపుకుంది.

నాన్న ఇంటికొచ్చి చూశాడు. "ఏంటమ్మా ఇది? ఎండబెడుతున్నావా, ఒడియాల్లాగా?"

"నాన్నా, దానికి ఇష్టం. ఎక్కి కాళ్ళు చాపుతోంది."

"జారిపోకుండా పట్టుకుంటోంది తల్లీ. పాపం, దిగటం తెలియక."

"మరి కళ్ళు మూసుకుంది?"

"భయం."

దేనికైనా నాన్న దగ్గర కారణం ఉండేది. గిన్నె తీసేశాడు, టబ్బు మళ్ళీ బీరువా పక్కకి పోయింది. వెనకనించి అమ్మ: "నువ్వూ ఆ ఎండలోంచి లేవ్వే, నల్లబడతావ్." ఆ ఇంట్లో ఎండ ఎవరికీ పనికిరాదు. బయట దేశం దేశమంతా ఎండే.

చలికాలం ముదిరేసరికి తాబేలు రొయ్యని వాసన చూసి వదిలేయడం మొదలుపెట్టింది. తర్వాత రెప్పలు వాచాయి. తర్వాత డిప్ప అంచు మెత్తబడింది. చెవి తమ్మెని నొక్కితే ఎలా ఉంటుందో అలా. నేను ఏడ్చాను.

శుక్రవారం సభ దాని చుట్టూ చేరింది. మావయ్య దిష్టి అన్నాడు, కర్పూరం తిప్పుదామన్నాడు. కడప పిన్ని, "అవునన్నా, మా మామా ఇంట్లో గూడా దిష్టి దిష్టి అని నీలం పూసలు కడతారు. అరబ్బోళ్ళకే ఉంటే మనకి ఉండదా?" అంది. ఇంకేముంది, నాన్నకి కావలసింది దొరికింది. చూపుకి శక్తి ఉంటుందా, ఉంటే కొలవగలమా, కొలవలేనిది ఉందని ఎలా అంటాం? ఎంత గొప్పగా మాట్లాడాడో! మావయ్య కూడా తక్కువ తినలేదు. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ వాదించుకున్నారు. టబ్బులో నీళ్ళ మీద నూనెలా ఏదో తెట్టు కట్టి ఉంది. ఆ నీళ్ళు మార్చుదామని నాతో సహా ఒక్కరికీ తోచలేదు.

చివరికి అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "మీ వాదన తేలేలోపు అది పోతుంది. దిష్టి ఉందో లేదో తర్వాత తేల్చుకోండి. జంతువుల డాక్టరు దగ్గరికి పదండి. యల్లా!"

ఆ డాక్టరు ఈజిప్టు ఆయన. పొట్ట బల్లకి ఆనించి, తాబేలుని అరచేతిలో తిప్పి చూశాడు. ఇంగ్లీషులో అడిగాడు: "ఇది ఎక్కి ఆరడానికి పొడిచోటు ఏది?"

"పొడిచోటు లేదు," అన్నాడు నాన్న ధీమాగా. "ఇది యాంఫిబియన్ కదా."

డాక్టరు తలెత్తి చూసి నవ్వాడు. "కాదు కాదు. ఇది బల్లికి చుట్టం, కప్పకి కాదు. ఎడారిలో ధబ్బుని చూశావా? రాయెక్కి ఎండ కాస్తుందే, ఆ పెద్ద బల్లి? ఇదీ అంతే. షమ్స్! షమ్స్ కావాలి దీనికి."

అప్పటికి నాకు అంత అరబ్బీ వచ్చు. షమ్స్ అంటే సూర్యుడు.

ఆయన చెప్పినవన్నీ నాకు గుర్తే. ఎండ తగలందే దీని ఒంట్లో సున్నం డిప్పకి పట్టదు. అందుకే మెత్తబడింది. అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, వెచ్చదనం వస్తుంది గానీ కావలసింది అద్దం దగ్గరే ఆగిపోతుంది. పొద్దుటి ఎండలో, నీళ్ళూ పొడిచోటూ పక్కపక్కనే ఉండేట్టు పెట్టండి. ఒక పక్క నీడ తప్పకుండా ఉండాలి, వేడెక్కితే అది తప్పుకోవాలి కదా. వేసవిలో మధ్యాహ్నం మాత్రం బయట పెట్టారంటే ఉడికిపోతుంది. వట్టి రొయ్యలే పెడితే కళ్ళు వాస్తాయి, ఆకులు పెట్టండి. మురికి నీళ్ళలో ఉంచకండి. సూది వేశాడు, కళ్ళకి మందిచ్చాడు.

నాన్న కారు తీశాడు. నేను వెనక సీట్లో డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశాను. శుక్రవారం నాన్న లేచి నిలబడతాడు. ఆ మాట అంటాడు. నేను చప్పట్లు కొడతాను.

మర్నాడు పొద్దున లేచేసరికి టబ్బు బాల్కనీలో ఉంది. అందులో ఒక ఇటుక, ఇటుక మీదికి వాలుగా చెక్క, ఒక పక్క నీడకి పీట. డ్యూటీకి పోయేముందు నాన్నే అమర్చాడు. నీళ్ళు కూడా తనే మార్చాడు. సెలవు రోజు నన్ను సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి సముద్రపు నురుగు బిళ్ళలు ఏరించాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చే ఆ తెల్లటి తేలిక బిళ్ళని నీళ్ళలో వేస్తే తాబేలు కొరుక్కుని తినేది, సున్నం అందేది. గోంగూర కాడలు అమ్మ పడేయకుండా ఉంచేది. తాబేలు ఇటుకెక్కింది. మెడ సాచింది. కొన్ని వారాలకి కళ్ళు తెరిచి, నా వేలు కొరికింది. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

మావయ్యకి సెలవు దొరక్క ఆ వారాలు సభ జరగలేదు. మళ్ళీ మొదలైన శుక్రవారం వచ్చాడు, బాల్కనీ చూశాడు, దిక్సూచి తీశాడు. సూది ఆగేదాకా ఊపిరి బిగబట్టి, ఒక్క కేక పెట్టాడు.

"ఈశాన్యం! బావగారూ, బాల్కనీ ఈశాన్యం! ఉత్తరంలో ఉన్నన్నాళ్ళూ చావుబతుకుల్లో ఉంది, ఈశాన్యంలోకి రాగానే లేచి కూర్చుంది!"

హాల్లోకి పరిగెత్తి, చాప మధ్యలో నిలబడి, చేతులు కట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "ఉత్తరం అని చెప్పాను. నేను పొరబడ్డాను. ఈశాన్యం."

అందరూ చప్పట్లు కొట్టారు. నియమాన్ని అంత నిండుగా పాటించినవాణ్ణి నేను చూడలేదు.

తర్వాత అందరూ నాన్న వైపు తిరిగారు. ఒక్క వాక్యం చాలు. "ఇది ఉభయచరం కాదు, సరీసృపం, దీన్ని బతికించింది ఎండ." కానీ ఆ వాక్యం చెప్పాలంటే ముందు ఇంకొకటి చెప్పాలి. లేచి నిలబడాలి. నేను నాన్న మోకాళ్ళ వంక చూస్తూ కూర్చున్నాను, కదులుతాయని.

"టీ పెట్టవోయ్," అన్నాడు నాన్న, వంటింటి వైపు చూసి.

నేను నోరు తెరిచాను. అమ్మ లోపల్నించే నన్ను పిలిచింది, గ్లాసులు అందుకోమని. అమ్మకి తెలుసు. నాన్నకి తెలుసు. డాక్టరు చెప్పింది మావయ్యకి తెలియదు, అయినా గదిలో నిజాయితీగా మాట్లాడింది అతనొక్కడే.

ఆ నెలలోనే మాకు తెలిసిన రెండిళ్ళలో తాబేళ్ళు కొన్నారు. మావయ్య స్వయంగా వెళ్ళి ఈశాన్యం మూల చూపించి వచ్చాడు. ఇంట్లో ఈశాన్యం, కర్టెన్ వెనక ఈశాన్యం. రెండూ వేసవి చూడలేదు. ఒకదాన్ని చూడటానికి వెళ్ళాను, దాని రెప్పలు బఠాణీల్లా ఉన్నాయి. ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను. పేపరు దించకుండా, "అయ్యో," అన్నాడు.

మా తాబేలు చాలా ఏళ్ళు బతికింది. సాసరంత అయింది. డిప్ప మీద ఒక పక్క ఆ చలికాలం నాటి గుంట మాత్రం పూడలేదు. నాన్న చివరిదాకా దానికి ఇటుక కడుగుతూనే ఉన్నాడు. ఉభయచరం అన్న మాట మళ్ళీ నా ముందు అనలేదు. అదే తన ఒప్పుకోలు అని అమ్మ అనేది. నేను ఒప్పుకోను. చేతులతో దిద్దుకున్న తప్పు ఇంట్లోవాళ్ళకి తెలుస్తుంది. బయటికి మావయ్య కేక ఒక్కటే పోయింది.

ఎంత దూరం పోయిందో నాకు మొన్నటిదాకా తెలియదు.

"ఊరికే పెట్టలేదండి ఈశాన్యంలో," అంటోంది ఫహాహీల్ ఇంటావిడ, వడ్డిస్తూ. "పాత రోజుల్లో సాల్మియాలో ఒకాయన ఉండేవారంట. దేవుడంటేనే నమ్మేవారు కాదంట. అలాంటాయన ఇంట్లో తాబేలు ఉత్తరంలో పెడితే చచ్చిపోబోయిందంట. ఈశాన్యంలోకి మార్చీసరికి లేచి తిరిగిందంట! అంత వాదించే మనిషీ నోరెత్తలేదంట. ఇక్కడ మనోళ్ళందరికీ తెలుసండి ఈ సంగతి."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఆయన మా నాన్న," అన్నాను.

నాకు తెలియకుండానే లేచి నిలబడి ఉన్నాను, ఎంగిలి చేత్తో. అందరూ నన్నే చూస్తున్నారు. "మా నాన్న పొరబడ్డాడు," అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. ఉభయచరం గురించి చెప్పాను, డాక్టరు గురించి, అద్దం గురించి, ఇటుక గురించి, చచ్చిపోయిన రెండింటి గురించి చెప్పాను. దీనికి కూడా ముందు డాక్టరు కావాలి, తర్వాత ఎండ కావాలి, ఈ మూల వద్దు అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. తొట్టి వైపు చూసింది, నా వైపు చూసింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "మరి ఆ ముక్క ఆయన ఆ రోజే చెప్పీసుంటే సరిపోయేది కదండీ?"

ఆమె కూతురు అప్పటికే లేచి బాల్కనీ తలుపు లాగింది. ఎండ పలకలా వచ్చి నేల మీద పడింది, వెంట కొంత దుమ్ము కూడా.

"తలుపెయ్యవే, దుమ్మొచ్చేత్తంది!" అని, ఆవిడ నాకేసి తిరిగి ఇబ్బందిగా నవ్వింది. "కూర్చోండి, చెయ్యి కడుక్కోండి. టీ పెడతాను."

"టీ తర్వాత," అన్నాను. "ఇంట్లో ఇటుక ఉందా?"